ఒడీల్ వంతెన దించి ఉంచిన రోజు

డోవిక్ నాకిన్‌కి కోపం వస్తే అరవడు, మాట్లాడటం మానేస్తాడు. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు దాకా మరదలు ఒడీల్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. ఆదివారం చర్చి అయ్యాక ఆమె ఇంట్లో భోజనం చెయ్యడం ముప్పై ఏళ్ల అలవాటు. అదీ మానేశాడు. అతని భార్య లియోన మాత్రం ప్రతి వారం చెల్లెలింటికి వెళ్లి, కడుపునిండా తిని, మొగుడికో గిన్నె కట్టించుకుని వచ్చేది. ఆ గిన్నె ఎక్కడిదని డోవిక్ అడిగేవాడు కాదు. చప్పుడు చెయ్యకుండా ఖాళీ చేసేవాడు.

గొడవంతా వంతెన గురించే. బయూ కనార్ ఊరిని సముద్రంలో కలిసే కాలవ నీళ్లు నిలువునా రెండు ముక్కలు చేశాయి. తూర్పు ఒడ్డున చర్చి, బడి, పండుగ మైదానం. పడమటి ఒడ్డున పెద్ద రోడ్డు, దాని వెంట పదిహేను మైళ్లు పోతే ఆసుపత్రి. రెండిటికీ మధ్య ఉన్నది ఒక్కటే వంతెన. పడవ వచ్చిందంటే సైరన్ మోగుతుంది, రోడ్డుకి అడ్డంగా గేట్లు పడతాయి, నడిమి భాగం మొత్తం రెండు ఇనుప గోపురాల మధ్య లిఫ్టులాగా పైకి లేస్తుంది. పడవ దాటాక మళ్లీ దిగుతుంది. పంతొమ్మిదేళ్లుగా దాన్ని లేపేదీ దించేదీ ఒడీలే. వంతెన పక్కనే ఎత్తు మీద అద్దాల గది ఆమెది. అందులో ఒక రేడియో, ఒక మైకు, ఒక కాఫీ కుండ.

రెండేళ్ల కింద రొయ్యల పండుగ నాడు ఆ వంతెన పదకొండుసార్లు లేచింది. కార్లు చెరకు తోటల దాకా మూడు మైళ్లు నిలబడిపోయాయి. ఎండలో పిల్లలు ఏడ్చారు, ముసలివాళ్లు కళ్లు తిరిగి పడ్డారు. అది కళ్లారా చూసింది కాబట్టి ఒడీల్ పడవల రాకపోకలు చూసే కోస్ట్‌గార్డు వాళ్లకి సొంత దస్తూరీతో అర్జీ రాసింది. పండుగ శనివారం నాడు ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా వంతెన దించే ఉంచాలి, పడవలు ఆగాలి, ప్రాణం మీదికి వస్తేనో పడవ మునిగిపోతుంటేనో మాత్రం లేపాలి అని.

మార్చిలో లైబ్రరీలో సభ పెట్టి ఊళ్లోవాళ్ల అభిప్రాయం అడిగారు. డోవిక్ లేచి నిలబడ్డాడు.

"ఈ రోడ్డు ఎప్పుడేశారు? మా నాన్న పెళ్లయ్యాక. అంతకుముందు ఈ ఊరికి పెళ్లికూతురు వచ్చినా, ఈ ఊళ్లోంచి శవం వెళ్లినా ఆ నీళ్ల మీదే. ఇవాళ కార్లలో తిరిగేవాళ్ల కోసం పడవని పక్కన నిలబడమంటారా?"

"ఆరు గంటలే కదా బావా," అంది రెండో వరసలోంచి ఒడీల్. "నీ నెత్తిన ఉన్న నాలుగు వెంట్రుకలకి నువ్వు మంగలి దగ్గర కూర్చునేది అంతసేపే."

సభంతా గొల్లుమంది. కోస్ట్‌గార్డు నుంచి వచ్చిన అమ్మాయి కూడా కాయితాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. వంతెన సంగతి ఎలా ఉన్నా, ఆ నవ్వు డోవిక్‌కి మింగుడుపడలేదు. జూన్‌లో అనుమతి వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి టోపీ మేకుకి తగిలించి, "పండుగ రోజు నేను ఊళ్లో ఉండను," అన్నాడు లియోనతో.

"ఉండకపోతే మానె. నీ వాటా గంబో పులుసు కూడా అమ్మేస్తాను," అందామె. చర్చి తరఫున పండుగలో పులుసు అంగడి పెట్టేది లియోనే.

అన్నట్టే ఆగస్టులో, పండుగకి ముందు గురువారం తెల్లారగట్ల పడవ తీశాడు. పడవ పేరు పెటీట్ లియోన, అంటే చిట్టి లియోన. పెళ్లయిన ఏడాది తండ్రీ తనూ కలిసి సైప్రస్ చెక్కతో కట్టిన నలభై రెండు అడుగుల పడవ అది. డోవిక్‌కి అరవై ఆరు, పడవకి నలభై ఒకటి. తోడు తువాన్ ఉన్నాడు. వియత్నాంలో పుట్టి, చిన్నప్పుడే ఈ తీరానికి వచ్చి, ఇరవై రెండేళ్లుగా డోవిక్ పక్కన వల లాగుతున్న మనిషి. అతను తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే తగిలేలా మాట్లాడతాడు.

రెండు రోజులు తెల్ల రొయ్య బాగా పడింది. శనివారం పొద్దున్నే డోవిక్ ఇంటిదారి పట్టాడు. దారిలో ఇంకోసారి వల వేసుకుంటూ మెల్లగా పోతే సరిగ్గా నాలుగింటికి, వంతెన మళ్లీ లేచే వేళకి చేరొచ్చని లెక్క వేసుకున్నాడు. ఒక్క నిమిషం ముందు వెళ్లినా వంతెన కింద నిలబడి, పైన జనం చేతుల్లో ఐసు పుల్లలతో తనని చూసి నవ్వడం భరించాలి.

పదిన్నరకి గడ్డి మడుల మధ్య మలుపు తిరుగుతుంటే పడవ దేనికో కొట్టుకుంది. పెద్ద చప్పుడేం కాలేదు. తలుపు ఎవరో భుజంతో నెట్టినట్టు ఒక్క కుదుపు, అంతే. ఎప్పుడో చమురు తవ్వుకున్నవాళ్లు వదిలేసిపోయిన ఇనుప గొట్టం, నీళ్లకింద జానెడు లోతులో.

తువాన్ కిందికి దిగి చూసి వచ్చాడు. మోకాళ్ల దాకా తడిసిపోయాడు.

"ముందు భాగంలో పలక పగిలిందన్నా."

"ఎంత?"

"అరచెయ్యంత అని చెప్పాలనుంది. మోచెయ్యంత ఉంది."

పరుపు మడిచి కన్నంలో కుక్కారు. దాని మీద ఒక పలక పెట్టి, పలకకి అడ్డంగా ఒక దుంగ బిగించారు. నీళ్లు తగ్గాయి కానీ ఆగలేదు. పడవలో పంపులు రెండు. ఒకటి బాగానే తోడుతోంది. రెండోది కాసేపు దగ్గి, కాలిన వాసన కొట్టి, ఆగిపోయింది.

డోవిక్ బుర్రలో దారులన్నీ ఒకదాని వెనక ఒకటి మెదిలాయి. ఇక్కడే బురదకి ఎక్కించేస్తే పడవ మునగదు, కానీ పోటు వచ్చేసరికి ఇంజను నీళ్లలో నానుతుంది. లాగడానికి ఎవరైనా వస్తారా అంటే ఊరంతా పండుగలో ఉంది. లోపలికి పోయేకొద్దీ రెండు పక్కలా బండరాళ్ల గట్టు, అక్కడ ఆనించడానికి చోటే లేదు. పడవల్ని పట్టీలతో పైకెత్తి ఆరబెట్టే యార్డు ఒకటి ఉంది. అది వంతెనకి రెండు వందల గజాల అవతల ఉంది.

తువాన్ రేడియో చేతికి తీసుకున్నాడు. "నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?"

డోవిక్ ఒక్క క్షణం ముందున్న నీళ్లకేసి చూసి, చెయ్యి చాపాడు.

"వంతెనకి పెటీట్ లియోన."

అవతల గరగర. తర్వాత ఒడీల్ గొంతు.

"వంతెన వింటోంది. ఎవరూ, మా బావేనా? అయిదు నెలలైందయ్యా ఆ గొంతు విని. నేనింకా నీకు పక్షవాతం వచ్చిందేమో అనుకున్నా."

"ఒడీల్, పడవలోకి నీళ్లొస్తున్నాయి."

ఆమె గొంతులో నవ్వు అక్కడికక్కడే పోయింది. "ఎక్కడున్నావ్? ఇద్దరూ బావున్నారా? జాకెట్లు తొడుక్కున్నారా?"

"బావున్నాం. యాభై నిమిషాల్లో నీ దగ్గరుంటాం. ఒక పంపే పనిచేస్తోంది."

"రా. అట్లాంటప్పుడు లేపొచ్చని కాయితంలోనే ఉంది. ఆ ముక్క నేను రాసిందే. నువ్వు దారి చూసుకో, రోడ్డు సంగతి నేను చూసుకుంటా."

డోవిక్ రేడియో పెట్టేశాడు. ఆ ముక్క ఆమె రాసిందేనన్న సంగతి అతనికి తెలియదు. సభలో అర్జీ చదివి వినిపిస్తున్నప్పుడు అతను విననే లేదు.

వంతెన కనపడేసరికి పన్నెండు కావస్తోంది. పెటీట్ లియోన ముక్కు బాగా కిందికి వంగి, బరువు మోసే గాడిదలాగా నడుస్తోంది. డోవిక్ పైకి చూశాడు. వంతెన నిండా జనం. బడి పిల్లల బ్యాండు, రంగు కాయితాలు అతికించిన బళ్లు, వాటి వెనక ఒకదాని ముక్కు ఒకదానికి ఆనించి నిలబడ్డ కార్లు. ఊరేగింపు సరిగ్గా నడిమధ్యకి వచ్చి ఉంది. పోలీసులు ఇద్దరు చేతులూపుతూ జనాన్ని వెనక్కి నెడుతున్నారు. గేట్లు పడటానికి సిద్ధంగా ఎర్ర దీపాలు వెలిగాయి.

అప్పుడు రేడియో మళ్లీ పలికింది.

"బావా, ఒక్క మాట విను." ఒడీల్ తొందరగా, కానీ ఒక్కో మాటా విడిగా చెప్పింది. "మైదానంలో ఆరేళ్ల పిల్ల. పై ఊరి వాళ్లు. రొయ్య తింటే ఒంటికి పడలేదు, గొంతు వాచిపోయింది. సూది వేశారు, అది చాలడం లేదంట. అంబులెన్సు ఎక్కిస్తున్నారు. నేనిప్పుడు వంతెన లేపానంటే, నువ్వు దాటి, మళ్లీ దించి, ఈ కార్లు కదిలేసరికి ఇరవై నిమిషాలు. లేపకపోతే పోలీసోళ్లు ఒక వరస ఖాళీ చేసి దాన్ని ముందు పంపిస్తారు. నీ పడవ ఎంతసేపు నిలబడుతుంది? నిజం చెప్పు."

డోవిక్ తువాన్ వైపు తిరిగాడు. తువాన్ కిందికి తొంగి చూశాడు.

"పది నిమిషాలు. మొక్కుకుంటే పదిహేను."

"మనకేం కాదు. వంతెన స్తంభాల దగ్గరున్న ఆ దుంగల మీదికి ఎక్కేస్తాం. పోతే పడవ పోతుంది," అన్నాడు డోవిక్, తనకే చెప్పుకుంటున్నట్టు.

"నీకు మనవలు నలుగురు, నాకు ముగ్గురు. ఇందులో నన్ను అడగాల్సిందేముందన్నా?"

డోవిక్ రేడియో నొక్కాడు. "దించే ఉంచు."

"బావా..."

"దించే ఉంచమన్నాను కదా. చెవుడా?"

"తాళ్లు కట్టుకో," అంది ఒడీల్. "ఆ దుంగలకి ఆనించి గట్టిగా కట్టుకో. నీకు పంపు తెస్తా. ఎక్కణ్ణించైనా తెస్తా."

వంతెన స్తంభాలకి పడవలు గుద్దుకోకుండా నీళ్లలో దిగేసిన పెద్ద పెద్ద దుంగల కంచె ఉంటుంది. దానికి పెటీట్ లియోనని ముందూ వెనకా కట్టారు. డోవిక్ బకెట్టు తీసుకుని కిందికి దిగాడు. నీళ్లు తొడల దాకా వచ్చాయి. ఒక్కో బకెట్టు పైకి అందిస్తుంటే తువాన్ బయటికి పారబోస్తున్నాడు. ఎంత తోడినా నీళ్లు ఉన్నచోటే ఉన్నాయి. నలభై ఒక్కేళ్లు. ఈ పక్కపలకలు తను పదునుపెట్టిన ఉలితోనే చెక్కారు. ఇక్కడే, ఈ మూల, తండ్రి పెన్సిలు గీత ఒకటి ఇన్నాళ్లూ కనిపించేది. ఇప్పుడది నీళ్లకింద ఉంది. డోవిక్ అటు చూడటం మానేశాడు.

వంతెన మైకులో ఒడీల్ గొంతు ఊరంతా వినిపించింది. మామూలుగా ఆ మైకులో "గేట్ల వెనక ఆగండి" తప్ప ఇంకో మాట రాదు.

"టూప్స్! హ్యూబర్ట్ టూప్స్! నెత్తిమీద ఆ మీసాలు తీసి కిందికి చూడవయ్యా! నా కింద ఒక పడవ మునిగిపోతోంది!"

హ్యూబర్ట్ టూప్స్ ఊరి అగ్నిమాపక దళానికి పెద్ద. జీతం లేని కొలువు, మామూలు రోజుల్లో టైర్లు బిగించే పని. పండుగ కాబట్టి రొయ్య మీసాలున్న ఎర్ర కాయితపు టోపీ పెట్టుకుని, కాయితపు పూలు చుట్టిన ఫైరింజను మీద నిలబడి పిల్లలకి మిఠాయిలు విసురుతున్నాడు. ఆ బండి వంతెన మీదే ఉంది. అతను పిట్టగోడ మీంచి వంగి చూశాడు.

"ఓరి దేవుడా, డోవిక్! ఈత కొడుతున్నావా?"

"పంపు తేరా వెధవా!"

బళ్లో చిన్న పంపు ఒకటి ఉంది, ఇద్దరు మనుషులు మోసేది. దాన్ని పక్కనున్న ఇనుప నిచ్చెన మీదుగా తాళ్లు కట్టి దించారు. టూప్స్, అతని మనుషులు ముగ్గురు, వాళ్ల వెనకే బూట్లు విప్పేసిన బ్యాండు మాస్టారు దుంగల మీదికి దిగారు. టూప్స్ మోటారు తాడు లాగాడు, అది పలకలేదు. మళ్లీ లాగాడు, పలకలేదు. మూడోసారి లాగుతూ దాని అమ్మనీ నాన్ననీ కలిపి తిట్టాడు. అప్పుడు అందుకుంది. గొట్టంలోంచి నీళ్లు బయటికి విరజిమ్మాయి. వంతెన మీది జనం అది కూడా పండుగలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

"ఇది ఒక్కటి చాలదు," అన్నాడు టూప్స్ కిందికి చూసి. "రెండో పంపు పడమటి గట్టు మీద బండిలో ఉంది. ఈ కార్ల మధ్యలోంచి ఎట్లా తెస్తారో!"

ఎట్లా తెచ్చారో డోవిక్‌కి తర్వాత నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. ఒడీల్ మైకులో అడిగిందట. పడమటి గట్టున కార్లలో కూర్చున్నవాళ్లు దిగారట. నూట ఇరవై పౌండ్ల పంపు చేతుల మీదుగా, కార్ల బానెట్ల మీదుగా, ఎవరిదో పెళ్లి కేకు పెట్టుకున్న ట్రక్కు మీదుగా వచ్చింది. మోసినవాళ్లలో డోవిక్‌ని ఎరిగినవాళ్లు సగం మంది కూడా లేరు. ఒకతను టెక్సస్ నుంచి వచ్చాడు, తెల్ల చొక్కా నిండా గ్రీజు అంటించుకుని కూడా నిచ్చెన దగ్గర నిలబడి, "ఇంకేమైనా మొయ్యాలా?" అని అడిగాడు.

రెండో పంపు మొదలయ్యేలోపే లియోన వచ్చింది. నడుముకి ఆప్రాను, చేతిలో గరిటె. నిచ్చెన మీద సగం దాకా దిగి ఆగింది. నీళ్లలోంచి మొగుడు తల పైకెత్తాడు.

"ముంచేశావా నన్ను?" అంది.

"ఇంకా లేదు."

ఆమె పడవ ముక్కు మీద తన పేరు చూసింది. అందులో కింది సగం నీళ్లలో ఉంది. మొహం ఎర్రబడింది, కానీ ఏడవలేదు. "మూడు రోజుల నుంచీ ఏం తిన్నావ్?"

"ఇప్పుడు అదా అడిగేది?"

"ఎప్పుడడిగినా నువ్వు నిజం చెప్పవు కదా!" అని, గరిటె నడుముకి దోపుకుని దుంగల మీదికి దిగి, తువాన్ చేతిలో బకెట్టు లాక్కుంది.

అప్పుడే సైరన్ వినిపించింది. వంతెనది కాదు, అంబులెన్సుది. తూర్పు నుంచి వస్తోంది. వంతెన నేల ఇనుప జాలీ, కిందనుంచి చూస్తే ఆకాశం గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. పైన అడుగుల చప్పుళ్లన్నీ పక్కకి తప్పుకున్నాయి. ఒక్కసారిగా ఆ జాలీ అంతా తేనెటీగల గూడులాగా ఝుమ్మంది. తెల్లటి బండి అడుగు భాగం, నాలుగు చక్రాలు డోవిక్ నెత్తిమీంచి తూర్పు నుంచి పడమరకి సాగిపోయాయి. ఎక్కడా ఆగలేదు. ఒక్క క్షణం కూడా వేగం తగ్గలేదు. టూప్స్ తలమీది కాయితపు టోపీ తీసేశాడు. లియోన సిలువ గుర్తు వేసుకుంది. ఝుమ్మనే చప్పుడు సన్నబడి, రోడ్డెక్కి, చెరకు తోటల వైపు వెళ్లిపోయింది.

అందరూ మళ్లీ నీళ్లు తోడటం మొదలుపెట్టారు.

రెండు పంపులూ కలిసి పనిచెయ్యడంతో నీళ్లు తొడల నుంచి మోకాళ్లకి, మోకాళ్ల నుంచి పిక్కలకి దిగాయి. మూలలో పెన్సిలు గీత బయటపడింది. అప్పటికి పైన పోలీసులు వంతెన ఖాళీ చేయించారు. గేట్లు పడ్డాయి. మైకులో ఒడీల్, "అందరూ గేట్ల వెనక ఆగండి," అని, ఒక్క క్షణం ఆగి, "మా బావ వెళ్తున్నాడు," అంది.

వంతెన లేచింది. ఇటు నాలుగు వందలమంది, అటు నాలుగు వందలమంది. పెటీట్ లియోన రెండు వైపులా నీళ్లు కక్కుకుంటూ, వీపు మీద నలుగురు ఫైర్‌మెన్లనీ ఒక బ్యాండు మాస్టారునీ వంటమనిషి వేషంలో ఉన్న లియోననీ మోసుకుంటూ మధ్యలోంచి నడిచింది. ఎవరూ ఎగతాళిగా నవ్వలేదు. బ్యాండు పిల్లలు తమకొచ్చిన పాటేదో అందుకున్నారు. చుక్కాని పట్టుకున్న డోవిక్ ఎటు చూడాలో తెలియక తిన్నగా ముందుకి చూశాడు. కళ్లజోడు తడిసిందని రెండుసార్లు తుడుచుకున్నాడు.

యార్డులో వెడల్పాటి పట్టీలు పడవ కిందికి వెళ్లాయి. యంత్రం మూలిగి, పెటీట్ లియోనని నీళ్లలోంచి లేపింది. పగులులోంచి నీళ్లు ధారగా, చాలాసేపు కారాయి. పలకలు రెండు మార్చాలి, ఇంజనుకి ఏమీ కాలేదు అన్నాడు యార్డు వాడు. డోవిక్ తడి చెక్క మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత టూప్స్ దగ్గరికి వెళ్లాడు. అతని భుజం పట్టుకుని గట్టిగా ఊపాడు.

"చాల్లే, చెయ్యి ఊడొస్తుంది. మళ్లీ టైర్లు ఎవడు బిగిస్తాడు?" అన్నాడు టూప్స్.

పడవ ఐసు గదిలోకి నీళ్లు వెళ్లలేదు, రొయ్య చెక్కుచెదరలేదు. డోవిక్ పెట్టెలన్నీ దింపించాడు. "మైదానంలో పెద్ద గుండిగలు ఎన్నున్నాయి?" అని లియోనని అడిగాడు.

"ఎందుకు?"

"ఆ పంపు మోసినవాళ్లందరికీ పెట్టు. మొయ్యనివాళ్లకీ పెట్టు."

"పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లని అడిగి మరీ పెట్టమను," అన్నాడు తువాన్. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పిల్ల ఎలా ఉందో ఇంకా కబురు రాలేదు.

నాలుగు దాటాక డోవిక్ వంతెన గది మెట్లెక్కాడు. పంతొమ్మిదేళ్లలో ఎప్పుడూ ఎక్కలేదు. ఒడీల్ కుర్చీలో వెనక్కి వాలి, చెప్పులు విడిచి, కాళ్లు బల్ల మీద పెట్టుకుని ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది.

"రా బావా," అంది బొంగురుగా. "మెట్లు బాగా ఎక్కువ కదూ. నీకు ఆయాసం."

డోవిక్ నిలబడే కిందికి చూశాడు. ఇక్కణ్ణించి నీళ్లూ రోడ్డూ రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయి. ఇటు ఇంటికి మళ్లిన కార్లు, అటు ఆరు గంటలు ఓపిగ్గా ఆగి వరసలో కదులుతున్న పడవలు.

"నన్ను అడక్కుండానే నువ్వు లేపేసి ఉండొచ్చు. కాయితంలో రాసుంది కదా. ఎవరూ నిన్నేం అనేవాళ్లు కాదు," అన్నాడు.

"నువ్వు లేపమంటే లేపేదాన్నే. ఆ తర్వాత ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలడం లేదు." ఆమె కాళ్లు కిందికి దించింది. "నిన్ను అడగక తప్పలేదు బావా. నీ పడవ అంటే నీకేంటో నాకు తెలుసు. ఎవరి పడవనైనా అడగొచ్చు కానీ..."

"నన్ను అడిగావు కాబట్టే చెప్పగలిగాను," అన్నాడు డోవిక్. "ఒడీల్, నువ్వు ఆ అర్జీ రాయకపోతే ఇవాళ పొద్దుటి నుంచీ పడవలు దాటుతూనే ఉండేవి. ఆ పిల్ల వంతెన ఇవతలే ఉండిపోయేది. నువ్వు అందులో మునిగే పడవకి లేపాలన్న ముక్క రాయకపోతే నా పడవ ఇప్పుడు నీ కింద అడుగున ఉండేది. నేను ఆ సభలో... ఆ మంగలి మాట నిజమే. అంతసేపే కూర్చుంటాను."

ఒడీల్ నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గుతూనే కళ్లు తుడుచుకుంది. కాఫీ కుండలో అడుగున మిగిలింది రెండు కప్పుల్లోకి వంచింది. చల్లారిపోయి, చేదుగా ఉంది. ఇద్దరూ తాగారు.

అయిదున్నరకి ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి అంబులెన్సు మనిషి. ఒడీల్ వింటూ వింటూ బావ చెయ్యి పట్టుకుంది. "గొంతు వాపు తగ్గిందంట. ఊపిరి బాగా తీసుకుంటోందంట. ఐస్‌క్రీమ్ కావాలని గొడవ చేస్తోందంట. ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాట్ట." డోవిక్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం యార్డులో కొత్త పలక బిగిస్తుంటే ఒక కారు ఆగింది. బడిపంతులమ్మలా ఉన్న ఒకావిడ, చెయ్యి పట్టుకుని ఓ పిల్ల. పిల్ల పేరు మారెల్. పడవ పక్కన తీసేసిన పలక చోటు చూసి, అందులోంచి తల పెట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అరిచింది.

"మీరు ఆగారని చెప్పారు," అంది తల్లి. రెండు చేతులూ జోడించింది.

డోవిక్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "అమ్మా, ఆ రొయ్య మేం పట్టిందే అయ్యుంటుంది. నాకు మీరు దణ్ణం పెట్టకూడదు. నన్ను ఈ ఊరు పైకి లేపింది. రండి, మీకు చూపించాల్సిన మనిషి వేరే ఉంది."

ముగ్గురూ వంతెన గదికి వెళ్లారు. పైకి వెళ్లే మెట్లు ఇరుకు. తల్లీ పిల్లా ఎక్కారు, డోవిక్ కింద రోడ్డు పక్కనే ఆగాడు. ఒక చేపల పడవ కూత వేసింది. కాసేపటికి సైరన్ మోగింది. మీట నొక్కింది ఎవరో పైన అద్దాల్లోంచి కనిపిస్తున్న చిన్న తల చెబుతోంది. గేట్లు పడ్డాయి, కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. వంతెన మెల్లగా లేవడం మొదలెట్టింది. డోవిక్ అంతకుముందెప్పుడూ దాన్ని రోడ్డు వైపు నిలబడి చూడలేదు. చాలా అందంగా ఉంది.

ముందు కారులో కుర్రాడు విసుగ్గా హారన్ కొట్టాడు. "ఎంతసేపు పెద్దాయనా?"

"అయిదు నిమిషాలు నాయనా," అన్నాడు డోవిక్, కారు కిటికీ మీద చెయ్యి ఆనించి. "రొయ్యలు తింటావా? మా ఆవిడ చేస్తుంది."